రౌండ్ ఎవరిది? హ్యాంప్‌షైర్ పల్లె పబ్బుల్లో మా క్రికెట్ క్లబ్బుతో ఒక సాయంత్రం

ఇంగ్లండులో పల్లెటూరి క్రికెట్ సీజన్ ఏప్రిల్ చివర్లో మొదలై సెప్టెంబరులో అయిపోతుంది. అయిపోయాక పిచ్ మీద గడ్డి విత్తనాలు చల్లి, సైట్ స్క్రీన్లు ఓ మూలకి నెట్టేసి, అందరూ కలిసి ఒక శనివారం చుట్టుపక్కల ఊళ్ళ పబ్బులు తిరిగొస్తారు. మా క్లబ్బు ఇంగ్లండు దక్షిణాన హ్యాంప్‌షైర్‌లో, పోర్ట్స్‌మత్‌కి ఉత్తరాన ఉన్న ఓ చిన్న ఊళ్ళోది. నేను అందులో ఆడేదాన్ని కాదు, స్కోరర్‌ని. మా అబ్బాయి జూనియర్స్‌లో ఆడుతుంటే ఊరికే కూర్చోలేక పెన్సిల్ పట్టుకున్నాను. అది చివరికి మగవాళ్ళ మూడో జట్టు స్కోరు కూడా నా నెత్తిన పడేదాకా వచ్చింది. స్కోరర్ లేని పబ్బుల టూర్ టూరే కాదని కెప్టెన్ పట్టుబట్టాడు. మావారు అబ్బాయిని చూసుకుంటానన్నారు. సరే అన్నాను.

ఈ మధ్య మన కుర్రాళ్ళు చాలామంది ఇక్కడి పల్లె క్లబ్బుల్లో చేరుతున్నారు. ఆట వరకు ఎవరికీ బెరుకు ఉండదు. ఆట అయ్యాక పబ్బుకి రమ్మంటేనే తడబడతారు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు రోజు తెనాలికి ఫోన్ చేసి చెబితే అమ్మ, "పబ్బుకా? నువ్వా? ఈ వయసులో అదేం బుద్ధే?" అంది. టీవీలో జూబ్లీహిల్స్ పబ్బుల మీద పోలీసులు దాడి చేసే వార్తలు చూసి చూసి ఆవిడకి ఆ మాటంటేనే హడల్. "అమ్మా, ఇక్కడ పబ్బులో కుక్కలు పొయ్యి దగ్గర పడుకుని ఉంటాయి. ముసలాళ్ళు పేపరు చదువుకుంటారు. పాటలు కూడా ఉండవు," అన్నాను. "మరి అంత దూరం పోవడం దేనికి?" అంది. ఆ ప్రశ్నకి అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు.

టూర్‌కి రెండు వారాల ముందు నుంచే క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఒకటే గొడవ. కిట్టీనా, రౌండ్లా? కిట్టీ అంటే అందరూ తలా ఇంత వేసి, ఒకరి చేతికిచ్చి, అందులోంచే అందరికీ కొనడం. రౌండ్ అంటే ఒకసారికి ఒకరు లేచి వెళ్ళి, తన గుంపులో అందరికీ తన డబ్బుతో తేవడం. ట్రెజరర్ కిట్టీ అన్నాడు. పద్నాలుగు మందికి రౌండ్లు పెడితే లెక్క తీరేసరికి ఒక్కొక్కరు పద్నాలుగు గ్లాసులు తాగాలి, అంబులెన్స్‌ని ఎవరు పిలుస్తారని అడిగాడు. మా గ్రౌండ్స్‌మన్, అంటే మైదానం చూసుకునే మనిషి, డెబ్బైకి దగ్గర పడ్డ పెద్దాయన, అందరికంటే పాత సభ్యుడు. ఆయన మాత్రం ఒక్క ముక్కే రాశాడు: "కిట్టీ అయితే నేను రాను." చివరికి బస్సులో ఉన్నవాళ్ళని చిన్న చిన్న గుంపులు చేసి, ఎవరి గుంపులో వాళ్ళు రౌండ్లు కొనుక్కోవాలని తేలింది. మా గుంపులో ట్రెజరర్, వికెట్ కీపర్, గ్రౌండ్స్‌మన్, నేను, ఇంకా మన నెల్లూరు కుర్రాడు. వాడు పోర్ట్స్‌మత్‌లో ఎమ్మెస్సీ చదివి అక్కడే ఉద్యోగం చూసుకున్నాడు. ఆఫ్ స్పిన్ వేస్తాడు. మందు ముట్టడు. ఐదుగురం, అనుకున్న పబ్బులు ఐదు. లెక్క సరిపోయింది అనుకున్నాం.

బస్సు సంగతి కూడా చెప్పాలి. ఈ ఊళ్ళకి రాత్రిపూట బస్సులుండవు. నడుద్దామంటే సన్నటి దార్లు, ఫుట్‌పాత్ ఉండదు, దీపాలుండవు. ఇంగ్లండులో మందు తాగి బండి నడపడానికి చట్టం పెట్టిన హద్దు 100 మి.లీ. రక్తంలో 80 మి.గ్రా. మన దగ్గర 30. ఇక్కడ ఎక్కువే కదా అని ఎవరూ ధీమాగా ఉండరు, దొరికితే లైసెన్సు పోతుంది. 1997కి ముందు లైసెన్సు తీసుకున్నవాళ్ళు మినీబస్సు నడపొచ్చు, తరవాత తీసుకున్నవాళ్ళకి మామూలుగా దానికి వేరే పరీక్ష ఉంటుంది. మా క్లబ్బులో ఆ పాత లైసెన్సున్నది గ్రౌండ్స్‌మన్‌కే, ఆయనేమో అందరికంటే ముందు గ్లాసు పట్టుకునే మనిషి. అందుకని డ్రైవరుతో సహా మినీబస్సు మాట్లాడారు.

డ్రెస్ కోడ్ ఒకటి. పాత సామాన్లు అమ్మే ఛారిటీ షాపులో దొరికే అతి దరిద్రపు టై కట్టుకుని రావాలి. నాకు బాతుల బొమ్మలున్న ఆకుపచ్చ టై దొరికింది. చుడీదార్ మీద కట్టుకుని బస్సెక్కితే మొదటి బహుమతి నాదేనన్నారు.

బస్సు కదిలిందో లేదో ఫైన్లు మొదలు. వైస్ కెప్టెన్ జడ్జి. సీజన్ మొత్తంలో ఎవరెవరు ఏం నేరాలు చేశారో చదువుతాడు, డబ్బాలో నాణేలు వెయ్యాలి. వాదించావా, రెట్టింపు. సున్నాకి అవుటైనవాళ్ళకి, క్యాచ్ వదిలేసి సూర్యుడి మీదకి నెట్టినవాళ్ళకి, బ్యాటింగ్‌కి వెళ్ళాల్సినప్పుడు ఫోన్లో ఉన్నవాడికి తలా ఒకటి. నెల్లూరు కుర్రాడికి తెలుగులో అప్పీల్ చేసినందుకు వేశారు. "అవుటేగా సార్!" అని అరిచాడట, అంపైర్ బెదిరిపోయాడట. నాకు పడ్డది శత్రుపక్షంతో కుమ్మక్కైన నేరం కింద. అవతలి జట్టు స్కోరర్ పక్కన కూర్చున్నప్పుడు ఆవిడకి గారెలు పెట్టాను, మా కెప్టెన్‌కి మిగల్లేదు. రెండు పుస్తకాలూ ఓవర్ ఓవర్‌కీ టాలీ అవ్వాలి, పక్కావిడతో స్నేహం లేకపోతే ఎలాగని వాదించాను. రెట్టింపు పడింది.

మొదటి పబ్బు బ్రాడ్‌హేపెన్నీ డౌన్ మీద ఉన్న బ్యాట్ అండ్ బాల్. క్రికెట్ పిచ్చి ఉన్నవాళ్ళు ఎవరైనా సరే జీవితంలో ఒక్కసారైనా చూడాల్సిన చోటు. చుట్టూ పొలాలు, నాలుగు దార్లు కలిసే చోట ఒంటరిగా ఒక పబ్బు, ఎదురుగా మైదానం. 18వ శతాబ్దంలో హ్యాంబుల్డన్ క్లబ్బు ఆడింది ఇక్కడే. ఆ జట్టు కెప్టెన్ రిచర్డ్ నైరెన్ ఈ పబ్బుని కొంతకాలం నడిపాడు కూడా. అంటే మ్యాచ్ గెలిచినా, ఓడినా, లాభం మాత్రం కెప్టెన్‌దే. 1777లో ఈ చుట్టుపక్కల జనంతో కూడిన హ్యాంప్‌షైర్ జట్టు ఇంగ్లండు జట్టుని ఇన్నింగ్స్ 168 పరుగుల తేడాతో ఓడించింది, జేమ్స్ ఎయిల్వర్డ్ ఒక్కడే 167 కొట్టాడు. ఎదురుగా 1908లో పెట్టిన రాతి స్మారకం ఉంది.

ఇక్కడ మొదటి రౌండ్ ట్రెజరర్‌ది. కిట్టీ కావాలన్న మనిషే ముందు లేచాడు. మేము బయట బల్ల దగ్గర కూర్చున్నాం. గ్రౌండ్స్‌మన్ రెండు ఖాళీ గ్లాసుల్ని పక్కపక్కన పెట్టి, బీరు మ్యాట్‌ని, అంటే గ్లాసు కింద పెట్టే గుండ్రటి అట్టని, నిలువుగా దొర్లించాడు. అది వాటి మధ్యలోంచి దూరిపోయింది. "అవుటా కాదా?" అని అడిగాడు నన్ను. అప్పట్లో వికెట్‌కి రెండే స్టంపులు. 1775లో లండన్‌లో జరిగిన ఒక మ్యాచ్‌లో లంపీ స్టీవెన్స్ అనే బౌలర్ వేసిన బంతి, హ్యాంబుల్డన్ ఆటగాడు జాన్ స్మాల్ వికెట్ మధ్యలోంచి మూడుసార్లు వెళ్ళిపోయింది. స్టంపులు కదల్లేదు, ఆయన అవుట్ కాలేదు, మ్యాచ్ కూడా గెలిపించాడు. ఆ తరవాతే మూడో స్టంపు వచ్చింది. బ్యాటు వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదన్న రూలుకి కూడా ఈ క్లబ్బు మ్యాచే కారణం. 1771లో షాక్ వైట్ అనే అతను వికెట్ మొత్తం కప్పేసేంత బ్యాటు తెచ్చాడు. కొలత ఇప్పటికీ అదే. "ఆ రోజుల్లో స్కోరర్ చేతిలో పుస్తకం ఉండేది కాదు, కర్ర ఉండేది. పరుగుకో గాటు పెట్టేవాడు," అన్నాడు పెద్దాయన. స్టేడియాల్లో కామెంట్రీ వినడం వేరు, ఆ గాట్లు పెట్టిన గడ్డి ఎదురుగా కూర్చుని వినడం వేరు. నా పెన్సిల్‌కి కొంచెం గౌరవం పెరిగినట్టనిపించింది.

నెల్లూరు కుర్రాడు మాత్రం ఈ చరిత్ర ఏదీ వినడం లేదు. లెక్కల్లో మునిగి ఉన్నాడు. మెల్లగా నా పక్కకి జరిగి, "అక్కా, నేను తాగేది జింజర్ బీరు, అంటే అల్లం సోడా. నా వంతు వచ్చినప్పుడు వీళ్ళందరికీ పింట్ల కొద్దీ బీరు కొనాలి. నాకేం గిట్టుబాటు?" అన్నాడు.

"మీ అక్క పెళ్ళిలో చదివింపులు పుస్తకంలో రాశారా లేదా?" అన్నాను.

"రాశారు. నాన్న దగ్గర ఇంకా ఉంది ఆ పుస్తకం."

"వెయ్యి చదివించినవాళ్ళింట్లో పెళ్ళయితే సరిగ్గా వెయ్యే చదివిస్తారా? ఎంత తిన్నారో లెక్క చూస్తారా? ఇదీ అంతే. ఇక్కడ పుస్తకం ఉండదు, కానీ ఎవడి వంతు వచ్చిందో, ఎవడు బాత్రూమ్ పేరు చెప్పి జారుకున్నాడో అందరికీ గుర్తుంటుంది."

నిజంగానే అంతే. క్లబ్బులో మంచి ఆటగాడైన ఒకతన్ని ఇప్పటికీ "వాడా, రౌండ్ రాగానే మాయమైపోతాడు" అంటారు. అతను కొట్టిన సెంచరీలు ఎవరూ తలవరు. తాగకపోతే ఎవరూ ఏమీ అనరు, బలవంతం కూడా చెయ్యరు. ఈ విషయంలో మన పార్టీలే ఘోరం, "ఒక్క పెగ్గు రా" అని ప్రాణం తీస్తారు. ఇక్కడ లైమ్ సోడా తాగినా, హాఫ్, అంటే అర పింట్, తాగినా ఫరవాలేదు. వంతు మాత్రం ఎగ్గొట్టకూడదు.

రెండో పబ్బు హ్యాంబుల్డన్ ఊళ్ళోని వైన్. పేరు ద్రాక్షతీగది. ఈ ఊరి పక్కనే 1952లో సైన్యంలోంచి రిటైరైన ఒక జనరల్ నాటిన ద్రాక్షతోట ఉంది, ఇంగ్లండులో కొత్తగా వైన్ వ్యాపారం మొదలైంది దాంతోనే అంటారు. ఇక్కడ రౌండ్ నాది. లోపలికి వెళ్ళి బార్ ముందు నిలబడ్డాను. కొత్తవాళ్ళకి ఇక్కడే కంగారు. టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, మనమే వెళ్ళాలి. లైను కనపడదు, కానీ ఉంటుంది. ఎవరు ముందొచ్చారో బార్ వెనకున్నవాళ్ళకి తెలుసు, పక్కనున్నవాళ్ళకి ఇంకా బాగా తెలుసు. చేత్తో నోటు ఊపకూడదు, "బాస్" అని పిలవకూడదు. కళ్ళు కలిస్తే చాలు. నా ముందున్నాయన, "ఈవిడ నాకంటే ముందొచ్చింది" అని తన వంతు నాకిచ్చాడు.

రెండు పింట్ల బిటర్ (కాస్త చేదుగా ఉండే ఇంగ్లీషు బీరు), ఒక పింట్ లాగర్ (మామూలు చల్లటి బీరు), ఒక జింజర్ బీర్, నాకు హాఫ్ బిటర్. పింట్ అంటే 568 మి.లీ. చట్టం ప్రకారం డ్రాట్ బీరు, అంటే పీపాలోంచి గ్లాసులో పట్టే బీరు, పింట్‌లో మూడో వంతు, సగం, మూడింట రెండు వంతులు, పింట్... ఈ కొలతల్లోనే అమ్మాలి, "కొంచెం పొయ్యండి" అంటే కుదరదు. బిటర్‌ని కుళాయి తిప్పి పట్టరు. బార్ మీద నిలువుగా ఉన్న చెక్క పిడిని పట్టుకుని ఆ అమ్మాయి నిదానంగా, బావిలోంచి నీళ్ళు తోడినట్టు, లాగింది. నేలమాళిగలో ఉన్న పీపాలోంచి బీరు పైకొస్తుంది. అది ఐసులా చల్లగా ఉండదు, నేలమాళిగ ఎంత చల్లగా ఉంటే అంత చల్లగా ఉంటుంది. పీపా ఒకసారి తెరిస్తే కొన్ని రోజుల్లోనే అమ్మెయ్యాలి, లేకపోతే పులిసిపోతుంది. అందుకే జనం రాని పబ్బులో బిటర్ బాగుండదని గ్రౌండ్స్‌మన్ సిద్ధాంతం. చివర్న "మీరూ ఒకటి తీసుకోండి" అని ఆ అమ్మాయికి చెప్పాను. ఇక్కడ బార్ దగ్గర టిప్పు ఇచ్చే పద్ధతి లేదు, ఇలా అనడమే మర్యాద. నవ్వి, ఒక హాఫ్ ధర కలుపుకుంది.

మూడు పింట్లని రెండు చేతుల మధ్య ముక్కోణంలా బిగించి పట్టుకుని, ఒక్క చుక్క ఒలకకుండా మోసుకెళ్ళడం ఒక విద్య. నాకు రాదు, ట్రే అడిగాను. చిప్స్ ప్యాకెట్ తెచ్చినప్పుడు పైన చింపకూడదు. పక్కనుంచి నిలువునా చీల్చి, బల్ల మధ్యలో విప్పి పెట్టాలి, అందరూ తీసుకునేలా. వెజిటేరియన్లు ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి: అదే బార్ మీద పక్కనే వేలాడే ఇంకో ప్యాకెట్ పోర్క్ స్క్రాచింగ్స్, అంటే వేయించిన పంది తోలు. చూడ్డానికి మన అప్పడం ముక్కల్లానే ఉంటాయి. నెల్లూరు కుర్రాడి చెయ్యి సరిగ్గా సమయానికి పట్టుకున్నాను.

మూడో పబ్బు పేరు చెప్పను. కెప్టెన్ రెండు వారాల ముందే ఫోన్ చేసి పద్నాలుగు మందికి చెప్పి పెట్టాడు. తీరా వెళితే లోపల ఎవరిదో పుట్టినరోజు పార్టీ. బుకింగ్ పుస్తకంలో మా పేరు ఉంది, మాకిచ్చిన గది మాత్రం లేదు. కావాలంటే తోటలో కూర్చోమన్నారు. బయట అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మనవాళ్ళయితే అక్కడే పంచాయితీ పెట్టేవాళ్ళు. మా కెప్టెన్, "ఫరవాలేదు, సారీ" అన్నాడు. వెనకున్న నలుగురు కూడా సారీ అన్నారు. తప్పు వాళ్ళది, సారీలు మావి. బస్సెక్కాక మాత్రం ఆ పబ్బు వంశాన్ని మూడు తరాల వరకు తిట్టారు.

అక్కణ్ణుంచి డ్రాక్స్‌ఫర్డ్ మీదుగా ఎక్స్‌టన్‌లోని షూ. మియాన్ నది పక్కన. నది అంటే మన కృష్ణని ఊహించుకోకండి, తెనాలి కాలవ అంత కూడా ఉండదు. కానీ సున్నపురాతి కొండల్లోంచి వచ్చే నీళ్ళు కాబట్టి అడుగున రాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. వించెస్టర్ నుంచి ఈస్ట్‌బోర్న్ దాకా కొండల మీదుగా వంద మైళ్ళు సాగే కాలిబాట, సౌత్ డౌన్స్ వే, ఈ ఊరి మీదుగానే పోతుంది. అందుకని బురద బూట్లతో నడిచేవాళ్ళు లోపల కనపడ్డారు. మా టైలు చూసి ఎవరూ ఏమీ అనలేదు. కీపర్ వంతు, తెచ్చాడు, తాగాం.

చివరిది వెస్ట్ మియాన్‌లో థామస్ లార్డ్. లార్డ్స్ మైదానం కట్టినాయన పేరే. 1787లో లండన్‌లో మొదటి మైదానం తెరిచి, తరవాత రెండుసార్లు చోటు మార్చి, మార్చినప్పుడల్లా పచ్చికని కూడా తవ్వించి మోయించుకెళ్ళాడట. ఇప్పుడున్నది 1814 నాటి మూడోది. రిటైరయ్యాక ఈ ఊరొచ్చి 1832లో పోయాడు. ఇక్కడి చర్చి ఆవరణలోనే సమాధి. చీకట్లో ఫోన్ లైట్లు వేసుకుని వెళ్ళాం. టై సర్దుకుని అందరూ ఒక నిమిషం నిలబడ్డారు, తాగినవాళ్ళు కూడా. అదే ఆవరణలో రష్యాకి గూఢచారిగా పనిచేసి మాస్కోలో పోయిన గై బర్జెస్ చితాభస్మం కూడా ఉందని ట్రెజరర్ చెప్పాడు. "ఆయనకి ఎవరూ టై సర్దరు," అన్నాడు కీపర్.

ఇక అసలు గొడవ. ఆ చివరి రౌండ్ తనదేనని గ్రౌండ్స్‌మన్ పొద్దున్నే చెప్పి పెట్టుకున్నాడు. లార్డ్ పేరున్న పబ్బులో తన చేత్తో కొనాలని ఆయన కోరిక. కానీ ఒక పబ్బు తప్పిపోయింది కదా. ఐదుగురికి నాలుగే మిగిలాయి. చర్చి నుంచి ఆయన మోకాళ్ళ నొప్పితో నెమ్మదిగా వచ్చేసరికి నెల్లూరు కుర్రాడు ముందే లోపలికి పరిగెత్తి, అందరివీ గుర్తుపెట్టుకుని, ట్రే నిండా తెచ్చేశాడు. బార్ అమ్మాయికి "మీరూ ఒకటి" అని కూడా అన్నాడట. పెద్దాయన ముఖం మాడిపోయింది. "నేనొకటి తెస్తాను, అందరూ ఇంకొకటి తాగండి," అన్నాడు. డ్రైవరు అప్పటికే గుమ్మంలో నిలబడి వాచీ చూపిస్తున్నాడు.

"అక్కా, నేనేమైనా తప్పు చేశానా?" అన్నాడు వాడు బస్సులో, టెన్షన్‌గా.

"లేదురా. ఆయన్ని బాకీలో పెట్టావు, అంతే."

దారంతా ఆయన కిటికీలోంచి చూస్తూ గొణుగుతూనే ఉన్నాడు. నలుగురి దగ్గర తాగి ఎవరికీ కొనకుండా ఇంటికెళ్ళడం ఆయన జీవితంలో జరగలేదట. కీపర్ ఏడిపించాడు, "వచ్చే ఏడు ఫైన్ల లిస్టులో మొదటి పేరు నీదే" అని. అదీ నవ్వించలేదు.

తరవాత చలికాలంలో క్లబ్బు వార్షిక సమావేశం. క్లబ్‌హౌస్‌లో హీటర్ పనిచెయ్యదు, అందరం కోట్లతోనే కూర్చున్నాం. ఛైర్మన్ పోయిన సమావేశం మినిట్స్ చదవబోతుంటే గ్రౌండ్స్‌మన్ లేచి, "ఒక్క నిమిషం, పాత బాకీ ఉంది," అని వెనక్కి వెళ్ళాడు. ట్రే పట్టుకుని వచ్చాడు. ట్రెజరర్‌కి పింట్, కీపర్‌కి లాగర్, కుర్రాడికి జింజర్ బీర్, నాకు హాఫ్ బిటర్. ఎవరినీ ఏం కావాలని అడగలేదు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఛైర్మన్ మినిట్స్ చదవడం మొదలెట్టాడు.

నెల్లూరు కుర్రాడు నా చెవి దగ్గర, "అక్కా, ఇప్పుడు మళ్ళీ మొదట్నించా? ట్రెజరర్ గారా, మీరా?" అన్నాడు.

ట్రెజరర్ అప్పటికే జేబులో పర్సు తడుముకుంటున్నాడు.